"నా జీతంలో పన్ను కోయొద్దు" అని పేరోల్‌కు రాసిన ఒక క్లయింట్ కేసు

ఆ దంపతులు మా ఆఫీసుకు వచ్చింది 2024 సెప్టెంబర్ 14, శనివారం. ఆమె భుజం మీద పాప నిద్రపోతోంది. ఆయన చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి వచ్చిన ఉత్తరం. రెండోది కంపెనీలో జీతాలు చూసే పేరోల్ విభాగంలో పనిచేసే ఒకావిడ పంపిన ఈమెయిల్ ప్రింటు. కూర్చున్న వెంటనే ఆయన అడిగింది ఇదీ: "అక్కా, నా అనుమతి లేకుండా నా జీతంలో పన్ను కోయడానికి వీల్లేదని కంపెనీకి ఒక గట్టి లెటర్ రాసివ్వాలి. మీ సంతకంతో వెళ్తే వింటారు."

నేను డల్లాస్ శివార్లలో ప్రాక్టీసు చేసే ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని. అంటే ఐఆర్‌ఎస్ ముందు క్లయింట్ల తరఫున మాట్లాడే లైసెన్సు నాకుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా మన తెలుగువాళ్లే. ఈ కేసును ఆ దంపతుల అనుమతితోనే రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. అంకెలను కొద్దిగా గుండ్రం చేశాను గానీ లెక్క తీరు మార్చలేదు. 401కె అనే రిటైర్మెంట్ పొదుపు, ఇన్సూరెన్స్ కోతలు పోగా పన్ను పడే జీతం ఎంతో, కింద ఆ అంకెలే వాడాను.

ఆయన హెచ్‌1బి మీద ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. భార్యది డిపెండెంట్ వీసా హెచ్4, ఉద్యోగం లేదు. పాప ఇక్కడే పుట్టింది. 2022లో జీతం 1,24,000 డాలర్లు, 2023లో 1,32,000, 2024లో 1,38,000. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి గొడవంతా ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, పన్నుదే.

2023 ఫిబ్రవరిలో గుంటూరులో ఆయన నాన్నగారికి బైపాస్ ఆపరేషన్ జరిగింది. డబ్బు అర్జెంటుగా కావాల్సి వచ్చింది. ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసే కాలం) రోజుల్లో రూమ్మేట్‌గా ఉన్న స్నేహితుడు ఫోన్లో ఒక సలహా ఇచ్చాడు: "డబ్ల్యూ-4లో ఎగ్జెంప్ట్ అని రాయి. పన్ను కట్ అవదు. మొత్తం చేతికొస్తుంది. ఏప్రిల్‌లో ఒకేసారి కట్టుకోవచ్చు." జీతంలో ఎంత పన్ను కోయాలో ఉద్యోగి కంపెనీకి చెప్పే ఫారమే డబ్ల్యూ-4. ఎగ్జెంప్ట్ అంటే కోత నుంచి మినహాయింపు. మార్చి మొదటి వారంలో ఆయన కంపెనీ పోర్టల్‌లోకి వెళ్లి అలాగే పెట్టేశారు. అప్పటిదాకా రెండు వారాలకోసారి వచ్చే జీతంలో 445 డాలర్ల ఫెడరల్ పన్ను పోయేది. ఆ తర్వాతి పే స్టబ్‌లో ఆ గడిలో సున్నా. పింఛను కోసం కోసే సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, వృద్ధుల వైద్యం కోసం కోసే మెడికేర్ 1.45 శాతం మాత్రం ఎప్పటిలాగే పోయాయి. డబ్ల్యూ-4కు, ఆ రెండింటికీ సంబంధం లేదు.

ఈ సలహా ఎక్కడ పుట్టిందో ఒక్క నిమిషం చెప్పాలి. మన పిల్లల్లో ఇది చాలామందికి ఉన్న అయోమయం. ఎఫ్‌1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా నాన్‌రెసిడెంట్లుగా లెక్క. ఆ కాలంలో ఓపీటీలో ఉద్యోగం చేసినా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోయరు. "నువ్వు ఎఫ్‌1, నీకు ఎగ్జెంప్ట్" అన్న మాట అక్కడ నిజమే. కానీ అది ఆ రెండు పన్నులకే వర్తిస్తుంది. ఆదాయపు పన్ను వేరు. నాన్‌రెసిడెంట్లకు డబ్ల్యూ-4లో నేరుగా ఎగ్జెంప్ట్ రాసే వీలే లేదు. మన దేశంతో ఉన్న పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల భారతీయ విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. అంతే తప్ప జీతం మొత్తానికి మినహాయింపు రాదు. స్నేహితుడికి గుర్తున్నది ఆ ఒక్క పదం. దాన్ని హెచ్‌1బి జీతానికి తెచ్చి అతికించాడు.

డబ్ల్యూ-4లో ఎగ్జెంప్ట్ అని రాయాలంటే రెండు షరతులూ కలవాలి. పోయిన సంవత్సరం పన్ను బాధ్యత సున్నా అయి ఉండాలి, ఈ సంవత్సరం కూడా సున్నానే అని నమ్మకం ఉండాలి. చట్టంలో 3402 సెక్షన్, ఎన్ ఉపవిభాగం చెప్పేది అదే. వేసవిలో రెండు నెలలు ఐస్‌క్రీమ్ షాపులో పనిచేసే హైస్కూలు పిల్లలకు అది సరిపోతుంది. ఇక్కడ బాధ్యత అంటే పన్ను లెక్కలో తేలే మొత్తం, ఏప్రిల్‌లో మిగిలే బాకీ కాదు. రిఫండ్ వచ్చినంత మాత్రాన బాధ్యత సున్నా అయిపోదు. మా క్లయింటుకు 2022లో తేలిన పన్ను, పాప క్రెడిట్ (పిల్లలున్నందుకు పన్నులో తగ్గించే మొత్తం) 2,000 పోగా, 10,816 డాలర్లు. అంటే మొదటి షరతు దగ్గరే ఆగిపోవాలి. ఆ ఫారం కింద ఉండే సంతకం, ఆన్‌లైన్‌లో పెట్టిన టిక్ అయినా సరే, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని చేసే ప్రమాణం. ఈ సంగతి తనకు తెలియదని ఆయన చెప్పారు. నేను నమ్మాను.

ఎగ్జెంప్ట్‌కు ఆయుష్షు ఒక్క సంవత్సరమే. ఫిబ్రవరి 15లోపు కొత్తది ఇవ్వకపోతే కంపెనీ మళ్లీ కోత మొదలుపెట్టాలి. 2024 ఫిబ్రవరి మొదటి వారంలో పోర్టల్ గుర్తు చేస్తే ఆయన మళ్లీ అదే టిక్ పెట్టారు. నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఈ రెండోదే. మొదటిసారి ఆపద, అవగాహన లేకపోవడం అనుకోవచ్చు. రెండోసారికి 2023 పన్ను వేలల్లో ఉంటుందని ఆయనకు తెలుసు.

అప్పటికి మనసులో ఇంకో మార్పు కూడా వచ్చింది. ఏప్రిల్ దగ్గరపడే కొద్దీ టెన్షన్ పెరిగింది. కట్టడానికి డబ్బు లేదు. ఆపరేషన్‌కు, ఆ తర్వాత ఊళ్లో అప్పులకు అయిపోయింది. రాత్రిళ్లు ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టారు. విత్‌హోల్డింగ్ (జీతంలో పన్ను కోత) స్వచ్ఛందం, ప్రైవేటు ఉద్యోగులకు చట్టం వర్తించదు, సంతకం పెట్టకపోతే కోయలేరు అని చెప్పే వీడియోలకు అమెరికాలో కొదవ లేదు. కట్టలేని బాకీ ఉన్న మనిషికి "అసలు నువ్వు బాకీయే లేవు" అనే గొంతు ఎంత తీయగా వినిపిస్తుందో నాకు తెలుసు. అలా వచ్చినవాళ్లను నేను ఎప్పుడూ కోప్పడను. ఆయన 2023 రిటర్న్ ఫైల్ చేయలేదు. గడువు పొడిగించమని ఎక్స్‌టెన్షన్ కూడా పెట్టలేదు.

జూలై 22 తేదీతో ఐఆర్‌ఎస్ నుంచి రెండు ఉత్తరాలు బయల్దేరాయి. కంపెనీకి వెళ్లేదాన్ని 2800సి అంటారు, ఉద్యోగికి వచ్చేదాన్ని 2801సి అంటారు. వాడుకలో లాక్-ఇన్ లెటర్. డబ్ల్యూ-4లను కంపెనీలు ఇప్పుడు మామూలుగా ఐఆర్‌ఎస్‌కు పంపవు, ఫైల్లో పెట్టుకుంటాయి. కానీ సంవత్సరం ముగిశాక జీతం, కోసిన పన్ను చూపే ఫారం డబ్ల్యూ-2 ప్రభుత్వానికి వెళ్తుంది. అందులో జీతం 1,32,000, కోసిన పన్ను 1,780 అని పక్కపక్కనే కనిపిస్తుంది. ఆ రెండు గడులు చాలు.

లాక్-ఇన్ ఉత్తరం తేదీ నుంచి 60 రోజుల తర్వాత కంపెనీ ఐఆర్‌ఎస్ చెప్పిన రేటుకే కోయాలి. ఈ కేసులో ఆ తేదీ సెప్టెంబర్ 20. రేటు: సింగిల్, అంటే పెళ్లికాని మనిషి లెక్క, ఏ క్రెడిట్లూ లేకుండా. ఆ తర్వాత ఉద్యోగి కోతను తగ్గించే డబ్ల్యూ-4 ఎన్ని ఇచ్చినా కంపెనీ పక్కన పెట్టాల్సిందే. ఉద్యోగి తన వాదన చెప్పుకోవడానికి మధ్యలో కొంత సమయం ఇస్తారు. అది కూడా ఆయన చేజారిపోయింది, ఎందుకంటే ఆ సమయంలో ఆయన ఐఆర్‌ఎస్‌కు రాయకుండా పేరోల్‌కు రాశారు. "నేను విత్‌హోల్డింగ్‌కు అంగీకరించడం లేదు, కోస్తే వ్యక్తిగతంగా మీ మీద కేసు వేస్తాను" అని. ఆ పేరోల్ ఆవిడ చాలా మర్యాదగా, మాకు ఆ అధికారం లేదు, దయచేసి పన్ను నిపుణులను కలవండి అని జవాబిచ్చింది. ఆయన చేతిలో ఉన్న రెండో కాగితం అదే.

ముందు ఆయన అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పాను. ఉద్యోగి ఒప్పుకోకపోతే కోత ఆగుతుందా? ఆగదు. 3402 సెక్షన్ జీతం ఇచ్చే యజమానికి "కోయాలి" అని ఆజ్ఞ ఇస్తోంది. అందులో ఉద్యోగి సమ్మతి ప్రసక్తే లేదు. డబ్ల్యూ-4 అసలు ఇవ్వకపోతే? సింగిల్‌గా, వేరే సవరింపులు ఏవీ లేనట్టు లెక్కేసి కోస్తారు, అంటే ఎక్కువే పోతుంది. ఇక ఆ పక్క సెక్షన్ 3403 రెండు మాటలు చెబుతుంది. కోయాల్సిన పన్నుకు యజమానే బాధ్యుడు. అలా కోసి కట్టిన మొత్తానికి యజమాని ఇంకెవరికీ జవాబుదారీ కాదు. ఆయన వేస్తానన్న కేసుకు ఆ రెండో మాటతోనే తలుపు మూసుకుపోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాను, ఎందుకంటే ఆ ఈమెయిల్ చదివినప్పుడు నాకు ఆ పేరోల్ ఆవిడ గురించి బాధ కలిగింది. ఉద్యోగుల జీతాల్లోంచి కోయాల్సిన పన్ను ఖజానాకు చేరకపోతే, 6672 సెక్షన్ కింద ఆ పని చూసే బాధ్యత ఉండి, తెలిసి తెలిసి ఎగ్గొట్టిన వ్యక్తి మీద నూటికి నూరు శాతం పెనాల్టీ వేయొచ్చు. కంపెనీ మీద కాదు, మనిషి మీద. మీరు బెదిరించింది ఆమె చేతిలో లేని పని గురించి అని చెప్పాను. ఆయన తల దించుకున్నారు.

భార్య అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. అప్పుడు అడిగింది: "అక్కా, ఆ డబ్బు మనది కాదా మరి? మన జీతమే కదా?" మంచి ప్రశ్న. జీతం మొత్తం మీదే, దాని మీద పన్ను బాధ్యత కూడా మీదే, కోత అనేది ఆ బాధ్యతను వాయిదాల్లో తీర్చే పద్ధతి అని చెప్పాను. ఈ పద్ధతి 1943 చట్టంతో వచ్చింది, ఆ ఏడాది జూలై 1 నుంచి అమలైంది. అంతకుముందు ఉద్యోగులు ఒక సంవత్సరం పన్నును మరుసటి ఏడు వాయిదాల్లో కట్టేవాళ్లు. యుద్ధం ఖర్చుల కోసం కోట్లమంది కొత్తగా పన్ను పరిధిలోకి వచ్చాక ఆ పద్ధతి నడవలేదు. ఇండియాలో జీతం మీద టీడీఎస్‌దీ ఇదే తీరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినప్పుడు టీడీఎస్ వద్దని మీరు హెచ్‌ఆర్‌కు రాశారా అని అడిగితే ఆయన అడ్డంగా తల ఊపారు.

అయినా వీడియోల్లో విన్న వాదనలు మనసులోంచి పోవాలంటే "కుదరదు" అంటే చాలదు. ఒక్కొక్కటీ విప్పి చూపించాలి. ఆ రోజు గంటన్నర దీనికే పట్టింది.

మొదటిది, 3402లోనే పి అనే ఉపవిభాగం "స్వచ్ఛంద విత్‌హోల్డింగ్" గురించి మాట్లాడుతుంది కదా అన్నారు. నిజమే, ఆ మాటలు అక్కడ ఉన్నాయి. అవి నిరుద్యోగ భృతి, సోషల్ సెక్యూరిటీ పింఛను లాంటి, జీతం కాని చెల్లింపులకు. వాటిలో పన్ను కోయమని మనమే అడగొచ్చు. ఆ ఉపవిభాగాన్ని జీతానికి చదివితే పక్కనే ఉన్న ఆజ్ఞకు అర్థమే ఉండదు.

రెండోది, పన్ను వ్యవస్థ స్వచ్ఛందమని సుప్రీంకోర్టే అన్నదట. 1960 నాటి ఫ్లోరా కేసులో ఆ పదం ఉంది. ఆ సందర్భం చదివితే అర్థమవుతుంది: ప్రభుత్వం ఇంటింటికీ వచ్చి లెక్కకట్టి జప్తు చేయదు, పౌరుడే తన లెక్క తాను వేసి చెబుతాడు అని. కట్టడం ఐచ్ఛికమని కాదు.

మూడోది కొంచెం లోతైనది. మనస్సాక్షి ఒప్పుకోకపోతే? దీనికి నిజంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఉంది. ఆ మనుషుల మీద నాకు గౌరవం కూడా. అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ అనేది యుద్ధాన్ని వ్యతిరేకించే క్రైస్తవ శాఖ అయిన క్వేకర్ల సంస్థ. 1947లో నోబెల్ శాంతి బహుమతి పంచుకుంది. వియత్నాం యుద్ధ కాలంలో అందులోని ఇద్దరు ఉద్యోగులు, మా పన్నులో యుద్ధానికి పోయే వాటా 51.6 శాతం, దాన్ని మా జీతంలో కోయకండి, మేం యుద్ధాన్ని వ్యతిరేకించి ఆ భాగం కట్టకుండా నిరసన తెలుపుతాం అని అడిగారు. సంస్థ వాళ్ల మాట మన్నించి కోత ఆపింది. కానీ ఆ మొత్తాన్ని తన జేబులోంచి ప్రభుత్వానికి కట్టింది, ఎందుకంటే చట్టం పట్టుకునేది యజమానిని. తర్వాత కోర్టుకు వెళ్లింది. 1974లో సుప్రీంకోర్టు, పన్ను వసూలును ముందే ఆపమని కోర్టులు ఆదేశం ఇవ్వడానికి వీల్లేదన్న చట్టాన్ని చూపి, ప్రభుత్వం వైపే తీర్పు ఇచ్చింది. జస్టిస్ డగ్లస్ ఒక్కరే విభేదించారు. మత విశ్వాసం అంత స్పష్టంగా ఉన్నచోట, యజమాని కూడా ఉద్యోగుల పక్షాన నిలబడినచోట కోత ఆగలేదు. ఇది విన్నాక ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు.

చీక్ కేసు కూడా చెప్పాను, ఎందుకంటే వీడియోల వాళ్లు దాన్ని తమ గెలుపుగా చెప్పుకుంటారు. జాన్ చీక్ అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్. 1980లో డబ్ల్యూ-4లో కోతను తగ్గించే అలవెన్సులు పెంచుకుంటూ 60 దాకా పోయాడు, తర్వాత ఎగ్జెంప్ట్ అన్నాడు, రిటర్న్‌లు మానేశాడు. 1991లో సుప్రీంకోర్టు, చట్టాన్ని నిజాయితీగా అపార్థం చేసుకుంటే అది ఉద్దేశపూర్వక నేరం కాకపోవచ్చు, జ్యూరీ దాన్ని పరిశీలించాలి అని కేసును వెనక్కి పంపింది. చట్టం తెలిసీ అది రాజ్యాంగ విరుద్ధమని నమ్మానంటే మాత్రం రక్షణ లేదని అదే తీర్పులో చెప్పింది. మళ్లీ విచారణలో అతనికి శిక్ష పడింది. అసలు పన్ను కట్టక్కర్లేదని ఆ తీర్పులో ఎక్కడా లేదు.

ఇక పౌరసత్వం లేని మనకు ఇంకో మెట్టు భయం ఉంది. తప్పుడు డబ్ల్యూ-4కు 6682 సెక్షన్ కింద 500 డాలర్ల పెనాల్టీ. ఉద్దేశపూర్వకంగా చేశారని తేలితే 7205 కింద 1,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు, లేదా రెండూ. దాన్ని మించి, 2012లో కవాషిమా కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేంటంటే, తప్పుడు రిటర్న్ లాంటి నేరం రుజువై ప్రభుత్వానికి నష్టం 10,000 డాలర్లు దాటితే, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను కూడా దేశం నుంచి పంపించొచ్చు. మా క్లయింటు పరిస్థితి అంతదాకా పోలేదు. కానీ ఫైల్ చేయని రిటర్న్, రెండు తప్పుడు డబ్ల్యూ-4లు, బెదిరింపు ఈమెయిల్ వరసగా ఉన్న మనిషి అక్కడే ఆగాలి. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను విడిగా కలవమని చెప్పాను, కలిశారు. "పోనీ 1099 మీద, అంటే కాంట్రాక్టరుగా, వెళ్తే కోయరు కదా" అని ఆయన ఆఖరిసారి ఒక దారి వెతికారు. హెచ్‌1బి మీద స్పాన్సర్ చేసిన యజమాని దగ్గర ఉద్యోగిగానే ఉండాలి. ఆ దారి మూసే ఉంది. 1099 మీద ఉన్నవాళ్లైనా మూడు నెలలకోసారి పన్ను తామే కట్టుకోవాలి, పైగా 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను.

ఆ తర్వాత లెక్కలోకి దిగాం. నాకు ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే భయం అంకెల్లోకి మారాక చిన్నదవుతుంది.

2023: జీతం 1,32,000. భార్యాభర్తలు కలిసి ఇచ్చే జాయింట్ రిటర్న్‌లో స్టాండర్డ్ డిడక్షన్ 27,700. పన్ను పడే ఆదాయం 1,04,300. పన్ను 13,561, పాప క్రెడిట్ 2,000 పోగా 11,561. కోసింది జనవరి, ఫిబ్రవరిలో నాలుగు జీతాల్లో 1,780. బాకీ 9,781. దీని మీద ఫైల్ చేయనందుకు పెనాల్టీ, ఐదు నెలలకు గరిష్ఠం వచ్చేసింది, 22.5 శాతం, అంటే దాదాపు 2,200. కట్టనందుకు నెలకు అర శాతం చొప్పున ఆరు నెలలకు 293. ఏడాది పొడవునా కట్టనందుకు 6654 సెక్షన్ కింద పెనాల్టీ సుమారు 440. ఆ రోజుల్లో వడ్డీ 8 శాతం, అది అసలు మీద దాదాపు 350.

ఏప్రిల్ 15న ఒక్క రూపాయి కట్టకపోయినా రిటర్న్ ఫైల్ చేసి ఉంటే ఆ 2,200 వచ్చేది కాదు. ఈ మాట నేను ప్రతి సంవత్సరం చెబుతాను, మళ్లీ చెబుతున్నాను. డబ్బు లేదని రిటర్న్ ఆపకండి. కట్టలేకపోవడానికి నెలకు అర శాతం, ఫైల్ చేయకపోవడానికి ఐదు శాతం. పది రెట్లు తేడా.

సెప్టెంబర్ 24న రిటర్న్ పంపాం. ఫారం 2848 మీద ఆయన తరఫున మాట్లాడే అధికారం తీసుకుని, నెలకు 400 డాలర్ల వాయిదా పెట్టించాను. వాయిదాల్లో ఉన్నప్పుడు అర శాతం పెనాల్టీ పావు శాతానికి తగ్గుతుందని చాలామంది చెబుతారు. అది గడువులోపు ఫైల్ చేసినవాళ్లకే, ఈయనకు రాలేదు. కానీ అంతకుముందు మూడేళ్లు ఆయన రికార్డు శుభ్రంగా ఉంది. ఒక్క లేటు కూడా లేదు. దాంతో మొదటిసారి మన్నింపు అడిగాను. ఫైల్ చేయనందుకు, కట్టనందుకు పడ్డ రెండు పెనాల్టీలు, మొత్తం 2,494, తీసేశారు. 6654 పెనాల్టీకి ఆ మన్నింపు వర్తించదు, వడ్డీకీ వర్తించదు. తర్వాత 6682 కింద 500 డాలర్ల నోటీసు ఒకటి వచ్చింది. దాన్ని ఆయన వాదించకుండా కట్టేశారు.

ఇప్పుడు 2024. దీనిలో నేను ఇచ్చిన సలహా విని ఆయన ముందు ఆశ్చర్యపోయారు. జాయింట్‌గా, పాప క్రెడిట్‌తో ఆయన అసలు పన్ను 12,042, రెండు వారాల జీతానికి 463. లాక్-ఇన్ ప్రకారం సింగిల్‌గా కోసేది 871. దాదాపు రెట్టింపు. కోత వద్దన్న మనిషికి రెట్టింపు కోత పడింది. వెంటనే ఐఆర్‌ఎస్‌కు రాసి తగ్గించమందామా అన్నారు. నేను వద్దన్నాను. ఇంకా 680 పెంచమన్నాను.

కారణం ఇదీ. సెప్టెంబర్ దాకా ఆ సంవత్సరం కోత సున్నా. మిగిలినవి ఏడు జీతాలు. 6654 పెనాల్టీ తప్పాలంటే ఆ ఏటి పన్నులో 90 శాతమో, పోయినేటి పన్ను మొత్తమో, ఏది తక్కువైతే అది కట్టి ఉండాలి. ఇక్కడ 10,838. ఆ డబ్బును ఆయన చేత్తో అక్టోబర్‌లో కడితే, కట్టిన రోజు నుంచే లెక్క. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్ వాయిదాలు తప్పినట్టే. అదే జీతంలోంచి కోస్తే, ఎప్పుడు కోసినా సంవత్సరం పొడవునా సమానంగా కట్టినట్టు చట్టం లెక్కేస్తుంది. ఆయన ఇంతకాలం శత్రువు అనుకున్న కోతకే ఈ వెసులుబాటు ఉంది. లాక్-ఇన్ ఉన్నా కోతను పెంచుకోవడానికి అడ్డు లేదు, తగ్గించడానికే అడ్డు. డబ్ల్యూ-4లో 4సి గడిలో అదనం రాశాం. 1,551 చొప్పున ఏడు జీతాలు, 10,857.

చెప్పడం తేలిక. ఆ మూడు నెలలు ఆ ఇల్లు ఎలా నడిచిందో నాకు తెలుసు. ఎగ్జెంప్ట్ ఉన్నప్పుడు చేతికొచ్చే దాంట్లో మూడో వంతు పోయింది. ఆమె లెక్కల పుస్తకం పెట్టింది. క్రిస్మస్ సెలవుల్లో ఇండియా ప్రయాణం మానుకున్నారు. నాన్నగారికి మందుల ఖర్చు మాత్రం ఆపలేదు. అక్టోబర్‌లో ఒకరోజు ఆమె ఫోన్ చేసి, 680ని 500 చేయొచ్చా అని అడిగింది. చేస్తే పెనాల్టీ ఎంత పడుతుందో లెక్కేసి చెప్పాను. సాయంత్రానికి, వద్దులే అక్కా, అలాగే ఉంచండి అని మెసేజ్ పెట్టింది.

ఆయన నన్ను రాయమన్న గట్టి లెటర్ కూడా రాశాం, వేరే విధంగా. పేరోల్ ఆవిడకు: నా పాత ఈమెయిల్‌ను వెనక్కి తీసుకుంటున్నాను, ఎగ్జెంప్ట్ క్లెయిమ్‌ను రద్దు చేసుకుంటున్నాను, జతచేసిన డబ్ల్యూ-4 ప్రకారం అదనపు కోత చేయగలరు, ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి. నాలుగు వాక్యాలు. ఆమె ఆ రోజే జవాబిచ్చింది.

2023 మార్చిలో ఆయన నా దగ్గరికి వచ్చి ఉంటే ఏం చెప్పేదాన్ని? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు, ఎందుకంటే ఆయనకు డబ్బు అవసరం నిజం. 401కెలో వేస్తున్న వాటాను కొన్ని నెలలు ఆపమనేదాన్ని, అది పూర్తిగా ఉద్యోగి ఇష్టం. కంపెనీ తన వంతుగా వేసే మ్యాచ్ పోతుంది, అయినా ఆపదలో తప్పదు. ప్లాన్ అనుమతిస్తే 401కె మీద అప్పు తీసుకోవచ్చు, ఖాతాలో సగం దాకా, గరిష్ఠం 50,000 డాలర్లు. డబ్ల్యూ-4లో కూడా మనకు నిజమైన స్వేచ్ఛ కొంత ఉంది. ప్రతి ఏప్రిల్‌లో నాలుగైదు వేలు రిఫండ్ వస్తుంటే, మూడో దశలో పిల్లల క్రెడిట్, 4బిలో ఇంటి లోను వడ్డీ లాంటి డిడక్షన్లు సరిగ్గా రాసి ఆ డబ్బును నెలనెలా తెచ్చుకోవచ్చు. ఈయన డబ్ల్యూ-4 అప్పటికే సరిగ్గా ఉంది. తగ్గించడానికి అందులో ఏమీ లేదు.

2024 రిటర్న్‌ను 2025 ఫిబ్రవరిలోనే ఫైల్ చేశాం. బాకీ 1,185 గడువులోపు కట్టారు. 6654 పెనాల్టీ పడలేదు. అంతకుముందే, జనవరిలో, జాయింట్ స్టేటస్, పాప క్రెడిట్‌తో కొత్త డబ్ల్యూ-4, పే స్టబ్‌లు, 2023 రిటర్న్ కాపీ, పాప సోషల్ సెక్యూరిటీ కార్డు జతచేసి ఐఆర్‌ఎస్‌కు పంపాం. దీన్ని కంపెనీకి ఇస్తే పనికిరాదు, 2801సిలో ఉన్న చిరునామాకే పంపాలి. కొన్ని నెలలకు కంపెనీకి సవరణ ఉత్తరం, 2808సి, వచ్చింది. కోత సరైన స్థాయికి దిగింది. లాక్-ఇన్ మాత్రం ఇంకా ఉంది. వరసగా మూడు సంవత్సరాలు గడువులోపు ఫైల్ చేసి, పూర్తిగా కడితే దాన్ని తీసేయమని అడగొచ్చు. 2024 మొదటిది. మూడోది 2026 రిటర్న్, 2027 ఏప్రిల్ గడువు. ఆ తేదీ వాళ్లింటి ఫ్రిజ్ మీద ఆమె రాసి పెట్టింది, నా క్యాలెండర్లోనూ ఉంది.